రెండు సీసాలు, ఒకే మందు: నా లక్ష్యాలు నేను రాసుకున్న రెండేళ్ళు

2023 సెప్టెంబరు 14 సాయంత్రం ఆ బిల్లు కొట్టింది నేనే. కర్నూలులో నేను పని చేసే విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణానికి ఏళ్ళ తరబడి వస్తున్న రైతు, నేను చిన్నాన్నా అని పిలిచే పెద్దాయన, పత్తికి పచ్చదోమ పట్టిందని వచ్చాడు. ఆకుల అంచులు పసుపెక్కి కిందికి ముడుచుకుంటున్నాయని అరచేతిని వంచి చూపించాడు. కౌంటరులోని కుర్రాడు నాలుగు సీసాలు బల్ల మీద పెట్టాడు. నేను ఒక్కొక్క పేరూ కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే రెండు పేర్ల ఎదురుగా ఒకే టెక్నికల్, అంటే పురుగును చంపే అసలు మందు, కనిపించింది: ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం. కంపెనీలు వేరు, మూతల రంగు వేరు, ధర వేరు. లోపలి మందు ఒక్కటే. రెండూ కలిపి కొడితే రైతు ఖర్చు పెరుగుతుంది, పురుగు ఆ మందుకు త్వరగా అలవాటు పడుతుంది, అంతకు మించి జరిగేది ఏమీ లేదు. ఏడేళ్ళుగా బిల్లులు కొడుతున్నదాన్ని, నాకు ఆ సంగతి తెలుసు. అయినా "మొత్తం 2,340 చిన్నాన్నా" అన్నాను. ఆయన చొక్కా లోపలి జేబులోంచి మడతలు పడిన నోట్లు తీసి, రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నది కోడుమూరు దగ్గర పల్లె. నాలుగెకరాల వర్షాధార భూమి, ఒక బోరు, ఉల్లి, పత్తి. ఆయన కూడా ఇలాగే ఏదో ఒక కౌంటరు ముందు నిలబడి, ఏ సీసాలో ఏముందో తెలియక డబ్బు లెక్కపెట్టే ఉంటాడు. నన్ను కర్నూలులో బీకాం చదివించింది ఆ డబ్బులో మిగిలినదానితోనే.

అప్పటికి నా వయసు 31. జీతం 14,000. భర్త ఎలక్ట్రీషియన్, పాప ఒకటో తరగతి, కల్లూరులో అద్దె ఇల్లు. ఉద్యోగంలో నాకేమి కావాలి అని అంతవరకు ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. నన్ను నేను అడగడం మొదలుపెట్టిన రోజు నుంచి ఇప్పటివరకు ఏమి జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ ఆగిపోయానో తేదీలతో సహా రాస్తున్నాను. పుస్తకంలో లక్ష్యాలు రాసుకోమని అందరూ చెబుతారు. రాసుకున్న తరువాత ఇంట్లో, దుకాణంలో, బ్యాంకులో ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

మొదటి పేజీ 2024 జనవరి 1న రాశాను. పాప పాత నోటుబుక్కులో వెనకవైపు ఖాళీ పేజీలు. అయిదు లక్ష్యాలు: హైదరాబాదులో అకౌంటెంట్ ఉద్యోగం, 25,000 జీతం, ట్యాలీలో పై స్థాయి సర్టిఫికెట్, మూడేళ్ళలో సొంత ఇల్లు, పాపకు మంచి కాన్వెంటు. రాస్తున్నప్పుడు ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆ పేజీ చూస్తే ఎందుకు ఆగలేదో తెలుస్తోంది. మొదటిది మా అన్నయ్య మాట, రెండోది నా స్నేహితురాలి జీతం, నాలుగోది మా ఆడపడుచు కట్టుకున్న ఇల్లు. నాలో నుంచి వచ్చింది పాప చదువు ఒక్కటే. చిన్నాన్న బిల్లు గురించి ఆ పేజీలో ఒక్క ముక్క కూడా లేదు. మూడున్నర నెలలుగా నన్ను నిద్రపోనివ్వని విషయానికీ నేను రాసుకున్న లక్ష్యాలకూ సంబంధమే లేదని ఆ రోజు నాకు తట్టలేదు.

అన్నయ్య ద్వారానే హైదరాబాదులో ఒక కంపెనీ గురించి తెలిసింది. మార్చి 22న ఇంటర్వ్యూ. తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రి పదకొండుకు తిరిగొచ్చాను. బస్సులు, ఆటోలు, భోజనం కలిపి 1,640 రూపాయలు. మూడు గంటలు కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ప్రశ్నలన్నీ నాకు తెలిసినవే. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ గది. చల్లగా ఉంది, పన్నెండు కంప్యూటర్లు ఉన్నాయి, పన్నెండు మంది తలవంచి పని చేసుకుంటున్నారు. నేను కూర్చున్న మూడు గంటల్లో బయటి మనిషి ఒక్కరు కూడా లోపలికి వచ్చి ఫలానాది ఎలా అని అడగలేదు. మంచి ఉద్యోగమే, మర్యాదస్థులే. తిరుగు ప్రయాణంలో నా కడుపులో ఏదో బరువుగా ఉండిపోయింది, ఎందుకో అర్థం కాలేదు.

జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఎదురుచూపులోనే, కాలక్షేపం కోసం అన్నట్టుగా, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పని చేశాను. మార్చి 25 నుంచి రోజూ రాత్రి పాప పడుకున్నాక ఆ రోజు దుకాణంలో చేసిన పనులు గంటల వారీగా రాసి, ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టాను. గడియారం చూడకుండా గడిచిపోయిన పనికి కూడిక గుర్తు, ఎప్పుడు అయిపోతుందా అని చూసిన పనికి తీసివేత గుర్తు, ఏదీ కాకపోతే చుక్క. ఆదివారాలు, ఉగాది సెలవు పోను మే 2 వరకు 33 రోజులు రాశాను.

లెక్క చూస్తే కూడికలు 41 వచ్చాయి. వాటిలో 29 రైతులతో మాట్లాడినవే. డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివి చెప్పినది, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో లెక్కకట్టి చీటీ రాసిచ్చినది, మూడేళ్ళ పాత బాకీ లెక్క విడమరిచి చెప్పినది. ఏప్రిల్‌లో మా దుకాణానికి రైతులు తక్కువగా వస్తారు. వచ్చిన ఆ కొద్దిమందితోనే 29. బిల్లులన్నీ చుక్కలు. రాత్రి స్టాకు సరిచూడటం దాదాపు ప్రతిరోజూ తీసివేత. నాకు లెక్కలంటే ఇష్టమని చిన్నప్పటి నుంచి అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను. నాకు ఇష్టమైనది లెక్క కాదు, లెక్క ఎదుటి మనిషికి అర్థమైనప్పుడు ఆ ముఖంలో వచ్చే తేట. ఈ సంగతి నాకు 31 ఏళ్ళకు, రూళ్ళు గీసిన కాగితం మీద తెలిసింది.

మే 3న ఫోను వచ్చింది. ఉద్యోగం ఇస్తాం, జీతం 23,000, సోమవారంలోగా చెప్పండి అన్నారు. మూడు రోజులు.

ఇంట్లో పండగ వాతావరణం వచ్చింది. అత్తయ్య కేసరి చేశారు. నేను మాత్రం కాగితం తీసుకుని కూర్చున్నాను. హాస్టలుకు 7,500, నెలకు రెండుసార్లు ఇంటికి రాకపోకలు, పాపకు ఏదో ఒకటి తేవడం కలిపి 2,500, అక్కడి తిరుగుళ్ళకు, చిల్లర ఖర్చులకు 2,000. ఇంటికి చేరేది 11,000. కర్నూలులో నా 14,000లో దారి ఖర్చులు 1,500 పోతే 12,500 ఇంట్లోనే ఉంటోంది. పెరిగిందనుకున్న జీతం నిజానికి తగ్గుతోంది. ఈ లెక్క చూపిస్తే మా ఆయన కాసేపు కాగితం వైపు చూసి, "లెక్క సరే, నీకు వెళ్ళాలని ఉందా లేదా?" అన్నాడు. లేదన్నాను. మరి ఏమి చేయాలని ఉంది అన్నాడు. అప్పుడు మొదటిసారి చిన్నాన్న బిల్లు సంగతి ఆయనకు చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

సోమవారం ఆ కంపెనీకి ఫోను చేసి రాలేనన్నాను. అన్నయ్య నాలుగు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. "ఇంత చదువుకుని ఆ మందుల వాసనలోనే బతుకుతానంటే నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీ లక్ష్యం మార్చుకుంటే దాన్ని మీకిచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు. దానికి సిద్ధపడండి.

రెండో పేజీ మే 12న, ఆదివారం రాశాను. ఈసారి ఏమి కావాలి అని రాయలేదు. రోజు ఎలా ఉండాలి అని రాశాను. "పొద్దున రెండు గంటలు రైతులు పంట సమస్యతో నా దగ్గరికి రావాలి. కొనవలసింది ఏమీ లేకపోతే, ఏమీ అక్కరలేదని చెప్పి పంపగలగాలి." దాని కింద మూడు వరుసలు. ఒకటి, 2025 ఆగస్టులోగా మందులు అమ్మడానికి, సలహా చెప్పడానికి కావలసిన చదువు. రెండు, 2026 జూన్‌కల్లా కోడుమూరులో సొంత చిన్న దుకాణం. మూడు, చిన్నాన్నకు నిజం చెప్పడం. పేజీకి అడ్డంగా గీత గీసి కింద "వద్దు" అని రాసి, మొదటి పేజీలోని హైదరాబాదు, మూడేళ్ళలో సొంత ఇల్లు అక్కడికి దించాను. వద్దన్నవి కూడా రాసుకోవడం మంచిదైంది. తరువాత ఎవరు కదిపినా నేను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకోవలసిన పని పడలేదు.

మూడింటిలో ముందు పూర్తయింది మూడోదే, ఎందుకంటే దానికి డబ్బు అక్కరలేదు. జూన్ మొదటి వారంలో చిన్నాన్న విత్తనాలకు వచ్చినప్పుడు బయట చెట్టు కిందికి తీసుకెళ్ళి చెప్పాను. "పోయినేడాది పచ్చదోమకు మీరు తీసుకున్నవాటిలో రెండు ఒకే మందు. నాకు తెలిసీ చెప్పలేదు చిన్నాన్నా, తప్పయింది." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తుండుతో మెడ తుడుచుకుని, "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. కోపం లేదు, అరవలేదు. విత్తనాలు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ తరువాత మా దుకాణానికి రాలేదు. చెప్పేస్తే మనసు తేలికవుతుందనుకున్నాను, కాలేదు. కానీ ఆ తరువాత నేను ఏ బిల్లూ మౌనంగా కొట్టలేదు.

ఇక చదువు. నిబంధనల ప్రకారం పురుగుమందుల లైసెన్సు కావాలంటే వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ వంటి సైన్సు డిగ్రీ గానీ, సంబంధిత డిప్లొమా గానీ ఉండాలి. నాది బీకాం. నాకు మిగిలిన దారి దేశీ (డి.ఎ.ఇ.ఎస్.ఐ.) డిప్లొమా. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్, అంటే జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, 2003లో ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసమే మొదలుపెట్టిన ఏడాది కోర్సు. వారానికి ఒకటే రోజు, దుకాణాలకు సెలవున్న రోజున తరగతి. 48 వారాలు: 40 తరగతులు, 8 పొలం సందర్శనలు. పదో తరగతి చదివితే చాలు. నేను చేరిన బ్యాచ్‌లో ఫీజు 20,000 మొత్తం మేమే కట్టుకోవాలి. దుకాణంలో పని చేస్తున్నట్టు యజమాని లేఖ కావాలన్నారు.

ఆ లేఖ అడగడానికి నాకు వారం పట్టింది, గుండె అంత దడదడలాడింది. మే 20న అడిగాను. మా యజమానిని అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నా దగ్గర నేర్చుకుని నా ఎదురుగానే దుకాణం పెడతావా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. అబద్ధం చెప్పదలచుకోలేదు. "పెడతాను అన్నా. ఈ ఊళ్ళో కాదు, కోడుమూరులో. అప్పటివరకు ఇక్కడే పని చేస్తాను" అన్నాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళాడు. పదకొండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. రోజూ ఇంటికి వచ్చి, ఉద్యోగం పోయిందేమో అని మా ఆయనతో అనేదాన్ని. మే 31న లేఖ ఇచ్చాడు, ఒక షరతుతో: 2026 జూన్ వరకు మానకూడదు. నా పేజీలో ఉన్న తేదీ అదే. తేదీ ముందే రాసుకుని ఉండటం వల్ల ఒప్పుకోవడానికి క్షణం పట్టలేదు.

ఫీజుకు రెండు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టాను. ఆదివారాలు పోతున్నాయి కాబట్టి మా ఆయనను కూడా పేజీలో ఒక వరుస రాయమన్నాను. "ఆదివారం వంట, పాప తలస్నానం నావి" అని రాశాడు. మన లక్ష్యం ఇంకొకరి సమయంతో ముడిపడి ఉంటే వాళ్ళ చేత రాయించుకోవడం చాలా అవసరం. తరువాత గొడవలు రాలేదని కాదు, వచ్చినప్పుడు ఆ వరుస చూపించడానికి ఉండేది.

ఆగస్టు 9న ఫోను వచ్చింది. 18న, ఆదివారం, మొదటి తరగతి. నలభై మందిలో ఆడవాళ్ళం ఇద్దరం. మిగిలినవాళ్ళలో ఇరవై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. మందుల పేర్లు నాకు వాళ్ళకంటే ఎక్కువే తెలుసు, పంట గురించి మాత్రం చాలా తక్కువ తెలుసునని రెండో వారానికే అర్థమైంది. మొదటి పరీక్షలో 50కి 19 వచ్చాయి. పురుగు జీవితచక్రాలు, నేలల రకాలు, పోషక లోపాలు అన్నీ కలగాపులగమయ్యాయి. ఆ రాత్రి పేజీ తీసి చూస్తే "డిప్లొమా ఫస్ట్‌క్లాసులో పాసవ్వాలి" అని నేనే ఎప్పుడో చేర్చిన వరుస కనిపించింది. కొట్టేశాను. దాని స్థానంలో "నెలకు ఒక పంట" అని రాశాను. అక్టోబరు పత్తి, నవంబరు శనగ, డిసెంబరు ఉల్లి, జనవరి వేరుశనగ, అలా. దుకాణానికి ఏ రైతు వచ్చినా ఆ నెల పంట గురించే ఎక్కువగా అడిగేదాన్ని. మార్కులు వాటంతట అవే పెరిగాయి. పురుగుమందుల చట్టం 1968, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985, విత్తనాల చట్టం 1966 పాఠాలు వచ్చినప్పుడు మాత్రం అందరికంటే నేనే ముందున్నాను. బీకాం అక్కడ అక్కరకొచ్చింది.

ఉల్లి పాఠం గురించి చెప్పాలి. డిసెంబరులో ఒక ఆదివారం పొలానికి తీసుకెళ్ళారు. సారు ఉల్లి ఆకు ఒకటి తుంచి, సీసాలోని నీళ్ళు ఒక చుక్క దాని మీద వేశారు. చుక్క నిలబడలేదు. ముత్యంలా గుండ్రంగా తిరిగి, కిందికి జారి మట్టిలో పడింది. మళ్ళీ వేశారు, మళ్ళీ జారింది. ఉల్లి ఆకు మీద మైనపు పూత ఉంటుంది, నీళ్ళలో కలిపిన మందు అలాగే జారిపోతుంది. తరువాత అదే నీళ్ళలో జిగురు మందు, దుకాణాల్లో స్టిక్కర్ అంటాం, కొద్దిగా కలిపి వేశారు. ఈసారి చుక్క పరుచుకుని ఆకును పట్టుకుంది. మా నాన్న ముప్పై ఏళ్ళు తామర పురుగులకు ఉల్లి మీద మందు కొట్టాడు. స్టిక్కర్ కలపాలని ఆయనకు ఏ కౌంటరులోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన కొట్టిన మందులో ఎంత భాగం నేల తాగిందో తలచుకుంటే గట్టు మీదే కూలబడిపోయాను. ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేసి చెప్పాను. "అందుకేనా" అన్నాడు, అంతే.

నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానానికి కూడా వెళ్ళాం. 1906లో పెట్టారట. నరసింహ పత్తి అక్కడిదే. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 శనగను అక్కడ మొదటిసారి దగ్గరగా చూశాను. మట్టి నమూనా తీయడం కూడా ఒక సందర్శనలోనే నేర్చుకున్నాను: పొలంలో అక్కడక్కడ ఇంగ్లిషు వి ఆకారంలో ఆరంగుళాల గుంట, పక్క గోడ మీది మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా. ఇప్పుడు మా దుకాణంలో ఎవరడిగినా గోడ మీది మట్టి అనే మాట గట్టిగా చెబుతాను, చాలామంది పైమట్టి తెచ్చేస్తారు.

2025 జనవరిలో పడిపోయాను. పాపకు టైఫాయిడ్. మూడు వారాలు ఇల్లూ ఆసుపత్రీ. రెండు తరగతులు పోయాయి, చీటీ వాయిదా కట్టలేదు. మానేస్తానని అత్తయ్యతో అన్నాను. ఆవిడ చదువుకోలేదు, నా పుస్తకం ఎప్పుడూ ముట్టుకోలేదు. "మానేస్తే మానేయి, కానీ ఆ పుస్తకంలో ఎందుకు మానేశావో కూడా రాయి" అన్నారు. రాయడానికి కూర్చుంటే, మానడానికి కారణంగా రాయగలిగింది పాప జ్వరం ఒక్కటే, అది అప్పటికి తగ్గిపోయింది. అప్పటి నుంచి ఏ వరుస వెనక్కి జరిగినా పక్కన కారణం, కొత్త తేదీ రాస్తున్నాను.

ఆగస్టు 24న చివరి తరగతి. ఆ తరువాత పరీక్షలు. సర్టిఫికెట్ డిసెంబరులో చేతికి వచ్చింది. మొత్తం ఖర్చు రాసుకున్నది చెబుతాను: ఫీజు 20,000, తాకట్టు వడ్డీ 1,900, సందర్శనల దారి ఖర్చులు 2,600, పుస్తకాలు, జెరాక్సులు 1,450, పురుగులను గుచ్చి పెట్టుకునే చెక్కపెట్టె, సూదులు 350. అన్నీ కలిపి 26,300. ఏడాది ఆదివారాలకు వెల కట్టలేదు.

ఈలోగా, 2025 జూన్‌లో, సొంత దుకాణం కోసం ఎదురుచూడకుండా ఉన్నచోటే మొదలుపెట్టవచ్చు కదా అనిపించింది. అన్నను అడిగాను: పొద్దున ఎనిమిది నుంచి పది వరకు గుమ్మం పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ. రైతులు ఆకో కాయో సంచిలో వేసుకుని వస్తే చూసి చెబుతాను. డబ్బా మీది త్రికోణం రంగు అంటే ఏమిటో చెబుతాను: ఎరుపు అత్యంత విషం, పసుపు తరువాతది, నీలం, ఆపైన ఆకుపచ్చ. బల్ల పెట్టుకో అన్నాడు.

మొదటి నెలలో పొద్దుటి అమ్మకం తగ్గింది. నాలుగు సీసాలకు వచ్చినవాళ్ళు ఒకటి తీసుకుని, లేదా పురుగులను పట్టే పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు మాత్రం తీసుకుని వెళ్ళారు. ఒక కంపెనీ వాళ్ళ స్కీములో ఇన్ని పెట్టెలు అమ్మితే యాత్ర అని ఉండేది, అన్నకు అది తప్పిపోయింది. ఆ రోజు ఆయన నాతో మాట్లాడలేదు. ఆగస్టుకల్లా కొత్త రైతులు రావడం మొదలైంది. ఒక్కొక్కరి బిల్లు చిన్నది, మనుషులు ఎక్కువ. ఇది లాభమా నష్టమా అని అన్న ఇంకా లెక్క చూస్తూనే ఉన్నాడు. నా జీతం మాత్రం అక్టోబరు నుంచి 17,500 చేశాడు. బల్ల తీసేయమనలేదు.

సెప్టెంబరులో ఉల్లి ధర కుప్పకూలింది. కర్నూలు మార్కెట్ యార్డు నిండా బస్తాలే. ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనడం మొదలుపెట్టింది. అది కూడా లేకపోతే కూలి ఖర్చులు రావు. నాన్న సరుకు యార్డులో రెండు రాత్రులు ఉంది, నేను సద్ది కట్టుకుని వెళ్ళి ఆయన పక్కన బస్తాల మీద కూర్చున్నాను. దుకాణంలో బాకీలు పేరుకుపోయాయి. అడగడానికి నోరు రాదు, అడగకపోతే దుకాణం నడవదు. కోడుమూరు దుకాణానికి నా అంచనా మూడు లక్షలు: అడ్వాన్సు, ర్యాకులు, విత్తనాలకు, ఎరువులకు, మందులకు వేర్వేరుగా తీసుకోవలసిన మూడు లైసెన్సులు, మొదటి సరుకు. నా దగ్గర 74,000 ఉన్నాయి. చీటీ డబ్బులో కొంత నాన్న విత్తనాల అప్పుకు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండలేను.

అక్టోబరు 5 రాత్రి పేజీలో "2026 జూన్" కొట్టేసి "2027 జూన్" అని రాశాను. పక్కన కారణం: ఉల్లి. రాస్తుంటే చెయ్యి వణికింది. దాదాపు పదిహేడు నెలలు ఆ తేదీని మొక్కుబడిలా మోశాను. అయితే పై వరుస, రోజు ఎలా ఉండాలి అన్నది, చదివి చూస్తే అది అప్పటికే సగం జరుగుతోంది. ఆ బల్ల దగ్గరికి ముందురోజు పొద్దున కూడా తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరిని ఏమీ కొనవద్దని పంపాను.

చిన్నాన్న ఇంకా రాలేదు. వాళ్ళ ఊరి వాళ్ళు నలుగురు వచ్చారు, "ఫలానా ఆయన చెప్పాడమ్మా, బల్ల దగ్గర అడగమని" అన్నారు. ఆయనే చెప్పాడా, ఇంకెవరైనానా అని నేను గుచ్చి అడగలేదు.

ఇప్పుడు 2026 జనవరి నెలాఖరు. మూడో పేజీ రాస్తున్నాను. అన్నతో ఇంకో ఏడాది ఉంటానని చెప్పాను, బల్ల సమయం పదకొండు వరకు పెంచమన్నాను, చూద్దామన్నాడు. పాప మూడో తరగతి, కాన్వెంటు కాదు, మా వీధి బడే. అక్కడి టీచరు బాగా చెబుతోంది, అందుకని ఆ వరుస కూడా "వద్దు" కిందికి దించాను. అన్నయ్య సంక్రాంతికి వచ్చి, వాళ్ళ పెరట్లో మిరప మొక్కల ఆకులు ముడుచుకుపోతున్నాయని ఫోనులో ఫొటోలు చూపించాడు. గంటసేపు మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి 1, ఆదివారం, కోడుమూరులో రోడ్డు వారగా ఒక గది చూడటానికి నేనూ మా ఆయనా వెళ్తున్నాం. ఇప్పుడే తీసుకోవడానికి కాదు, అద్దెలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి. యజమాని నెలకు 6,000 అంటున్నాడు. 4,500 దాటితే వద్దని పేజీలో ముందే రాసి పెట్టుకున్నాను.